స్విచ్చికి టేపు వేయలేను

మాకు బయట మొత్తం నాలుగు లైట్లు. గేటు స్తంభాల మీద రెండు, వరండాలో ఒకటి, పెరట్లో తులసికోట దగ్గర ఒకటి. సాయంత్రం వేయడం, పొద్దున్నే ఆపడం, అంతే పని. కానీ రెండ్రోజులు ఊరికెళ్ళామంటే అవి పగలూ రాత్రీ వెలుగుతూ, మేం ఇంట్లో లేమని వీధంతా చాటింపు వేసినట్టుంటుంది. అందుకని ఈసారి సెలవులకొచ్చిన మా అబ్బాయి కన్ను వాటి మీద పడింది. "నాలుగు స్మార్ట్ బల్బులు కొనేద్దాం అమ్మా, ఫోన్లోంచే వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు" అన్నాడు.

ఏమాటకామాటే చెప్పాలి, వాటిలో సుఖముంది. పాత బల్బు తీసి కొత్తది పెట్టుకోవడమే. ఎలక్ట్రీషియన్ కోసం నాలుగు రోజులు ఎదురుచూడక్కర్లేదు. వెలుగు తగ్గించుకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఖాళీ చేసేటప్పుడు తీసి పట్టుకుపోవచ్చు. మా వారైతే ఫోన్లో ఆ రంగులు చూసి సగం ఒప్పేసుకున్నారు కూడా.

నేను ఒక్కటే అడిగాను. "గోడ మీద స్విచ్చి ఎవరైనా ఆపేస్తే?"

"ఆపకూడదమ్మా. అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి."

అదీ సంగతి. స్మార్ట్ బల్బు తెలివంతా బల్బులోనే ఉంటుంది. దానికి కరెంటు అందుతున్నంతసేపే ఫోన్ మాట వింటుంది. గోడ మీద స్విచ్చి నొక్కేశామా, ఇక ఎంత పిలిచినా పలకదు. మా ఎదురింటివాళ్ళు ఈ బాధ పడలేకే స్విచ్చి మీద టేపు అంటించి "ముట్టుకోవద్దు" అని రాసుకున్నారు.

మా ఇంట్లో ఆ టేపు వేయడం నావల్ల కాదు. మా అత్తయ్యగారికి 78 ఏళ్ళు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, వరండా లైటు వేసుకుని, మూడు మెట్లు దిగి కళ్ళాపి చల్లి ముగ్గేస్తారు. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషనయింది. అయినా చీకట్లో ఆవిడ చెయ్యి తడుముకోకుండా నేరుగా ఆ స్విచ్చి మీదకే వెళ్తుంది. ముగ్గవగానే ఆపేస్తారు. కార్తీకమాసంలో తులసికోట దగ్గర దీపం పెట్టగానే పెరటి లైటు కూడా ఆపేస్తారు. "దీపం వెలుగు కనబడొద్దుటే అమ్మాయ్" అంటారు. ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను. ఇప్పటికే మేడ మెట్లెక్కొద్దన్నాం, గ్యాసు పొయ్యి దగ్గరికి రావద్దన్నాం. ఎవర్నీ అడక్కుండా ఆవిడ చేసుకునే పనులు ఒక్కోటీ తగ్గిపోతున్నాయి. ఇక లైటు కూడా ముట్టుకోవద్దని ఏ నోటితో చెప్పను?

అందుకని స్మార్ట్ స్విచ్చి సంగతి కనుక్కోమన్నాను. ఇందులో తెలివి బల్బులో కాక గోడలో ఉంటుంది. కొన్నిటికి మొత్తం స్విచ్చే మార్చాలి. మేం తీసుకున్నది పాత స్విచ్చి వెనకాల, బోర్డు లోపల అమరే చిన్న డబ్బీ. పైకి ఏమీ తేడా కనబడదు. అత్తయ్యగారు స్విచ్చి నొక్కినా పనిచేస్తుంది, మా అబ్బాయి ఫోన్లోంచి నొక్కినా పనిచేస్తుంది. నెట్ పోయినా స్విచ్చికి ఢోకా లేదు. బల్బు మాడిపోతే సందు చివర కొట్లో మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ తెచ్చి పెట్టుకోవడమే. పైగా గేటు లైట్లు రెండూ ఒకే స్విచ్చి మీద ఉన్నాయి కాబట్టి నాలుగు బల్బులకి బదులు మూడు డబ్బీలతో సరిపోయింది. వానా ఎండా తగలకుండా అవి ఇంట్లోనే ఉంటాయి, రౌటరుకీ దగ్గర. మా గేటు దాకా వైఫై అందడం అంతంతమాత్రమే.

చిక్కల్లా న్యూట్రల్ వైరు దగ్గరొచ్చింది. ఇలాంటివాటిలో చాలావాటికి అది కావాలి. పాత ఇళ్ళలో లైటు స్విచ్చి దాకా ఫేజు ఒక్కటే తెచ్చి వదిలేసేవారు. బోర్డులో ప్లగ్గు కూడా ఉంటే మామూలుగా న్యూట్రల్ ఉన్నట్టే. వరండా, గేటు లైట్ల బోర్డులో ప్లగ్గుంది, బతికిపోయాం. పెరటి బోర్డులో లేదు. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, ఇన్వర్టర్ లైనుతో కలిసిపోకుండా చూసుకుంటూ కొత్త వైరు లాగేసరికి మధ్యాహ్నమయింది. ఈ పని మాత్రం ఇంట్లో మగవాళ్ళ ఉత్సాహానికి వదిలేయకండి.

కరెంటు పోయొస్తే ఏమవుతుందో కూడా ముందే చూసుకోండి. కొన్ని స్మార్ట్ బల్బులు కరెంటు రాగానే వాటంతటవే వెలుగుతాయి, అర్ధరాత్రయినా సరే. స్విచ్చిల్లోనూ ఆ సెట్టింగు ఉంటుంది. "ముందు ఎలా ఉంటే అలాగే" అని పెట్టించుకున్నాను.

మా అబ్బాయి సరదా కాదనకుండా రంగుల బల్బు ఒకటి మేడ మీద వాడి గదిలో పెట్టుకోనిచ్చాను. అక్కడ స్విచ్చి ముట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు.

సూర్యాస్తమయానికి లైట్లు వెలిగేలా ఫోన్లో పెట్టాడు. మా రాజమండ్రిలో డిసెంబరులో అయిదున్నర ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. ఆ లెక్క అదే చూసుకుంటుంది. తెల్లవారుజామున నాలుగుంపావుకి వరండా లైటు దానంతటదే వెలిగేలా కూడా పెట్టాడు, నానమ్మ చీకట్లో లేవక్కర్లేదని. మర్నాడు ఆవిడ లేచి చూసి, "ఇదెవరు వేశార్రా?" అన్నారు. వాడు చెప్పాడు.

"నే లేచాక నే వేసుకుంటాలే నాన్నా" అన్నారు.

ఆ ఒక్క టైమరూ తీసేయించాను.