బిలాస్‌పూర్ స్టేషన్‌లో మిగిలిపోయిన అప్పు

“సాహిత్యం సమాజానికి అద్దం” అని ప్రశ్నపత్రంలో ఇస్తే మా పిల్లలు తడుముకోకుండా ఒక పేజీ నింపేస్తారు. ఆ అద్దంలో ఎవరి ముఖం కనిపిస్తుందని అడిగితే మాత్రం తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలనుకున్నప్పుడల్లా నాకు మూడు రచనలు గుర్తుకొస్తాయి. అందులో ఒకటి మన బిలాస్‌పూర్ స్టేషన్‌లోనే జరుగుతుంది.

రవీంద్రనాథ్ ఠాగూర్ బెంగాలీలో ‘ఫాంకి’ అనే కథాకవిత రాశారు. 1918లో వచ్చిన ‘పలాతక’ సంపుటిలో ఉంది. ఫాంకి అంటే మోసం. బిను అనే ఇరవైమూడేళ్ల అమ్మాయికి జబ్బు చేస్తుంది. గాలి మార్పు కోసం భర్త ఆమెను రైల్లో తీసుకెళ్తాడు. బిలాస్‌పూర్‌లో బండి మారాలి, ఆరు గంటలు ఆగాలి. అక్కడ కూలీ భార్య రుక్మిణితో బినుకు మాటలు కలుస్తాయి. కూతురి పెళ్లికి నగ చేయించడానికి రుక్మిణికి ఇరవై ఐదు రూపాయలు కావాలి. ఇచ్చి పంపమని బిను భర్తను అడుగుతుంది. అతను సరేనంటాడు. కానీ రుక్మిణిని చాటుకు పిలిచి, గద్దించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. రెండు నెలలకు బిను చనిపోతుంది. ఈ రెండు నెలలూ నువ్వు నాకు అన్నీ ఇచ్చావన్న తృప్తితోనే పోతుంది. అతను ఒంటరిగా బిలాస్‌పూర్‌లో దిగి రుక్మిణి కోసం వెతుకుతాడు. వాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయారు. ఎక్కడికో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ అప్పు తీరదు.

ఈ కథలో రైల్వే ఉంది, కూలీ కుటుంబం ఉంది, కూతురి పెళ్లి ఖర్చు ఉంది. అప్పటి సమాజం ఉందని రాస్తే మార్కులు వస్తాయి. కానీ ఠాగూర్ అద్దాన్ని రుక్మిణి వైపు తిప్పలేదు, టికెట్టు కొనుక్కుని దర్జాగా కూర్చున్న ప్రయాణికుడి వైపు తిప్పారు. కథ చెప్పేది కూడా అతనే. చదువుతున్న మనమూ చాలాసార్లు అతని స్థానంలోనే ఉంటాం. సామాన్లు మోసినవాళ్లతో పది రూపాయల కోసం గట్టిగా బేరమాడి, ఆ తర్వాత ఆ మనిషి ముఖం కూడా గుర్తుంచుకోం.

రెండోది మన ‘కన్యాశుల్కం’. ఆ రోజుల్లో విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారు చేయించారు. వెయ్యికి మించి పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయి. అందులో ఐదేళ్ల పిల్లలున్నారు, ఏడాది పిల్లలు కూడా ఉన్నారు. గురజాడ అప్పారావు గారు తన నాటకం ముందుమాటలో ఈ లెక్కలు ఇచ్చారు. నాటకం 1892లో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, బాగా మార్చి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఆ జాబితా ఇవాళ ఎంతమందికి తెలుసు? సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడానికి తండ్రి అగ్నిహోత్రావధాన్లు పట్టిన మొండిపట్టు, అది విని తల్లి వెంకమ్మ నూతిలో దూకడం మాత్రం తెలుగువాళ్లు మరిచిపోలేదు. జాబితా ఎన్ని పెళ్లిళ్లో చెప్పింది. ఆ పెళ్లి ఇంట్లో ఏం జరుగుతుందో నాటకం చెప్పింది.

మూడోది దూరదేశపు కథ, మన కాలంది. బ్రిటన్‌లో 1999 నుంచి 2015 దాకా చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లు తొమ్మిది వందల మందికి పైగా దోషులుగా తేలారు. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ లేని లోటు చూపించింది, దొంగలని వీళ్లమీద ముద్ర పడింది. పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. 2019లో హైకోర్టు తప్పు ఆ వ్యవస్థదేనని తీర్పు కూడా ఇచ్చింది. అయినా శిక్షల రద్దు నత్తనడకనే సాగింది. 2024 జనవరి మొదట్లో ‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్ట్ ఆఫీస్’ అనే నాలుగు భాగాల టీవీ నాటకం వరుసగా నాలుగు రాత్రులు వచ్చింది. అందులో ఒకావిడ కంప్యూటర్ ముందు కూర్చుని సాయం కోసం ఫోన్ చేస్తుంటే, తెరమీద లోటు కళ్ల ముందే రెట్టింపవుతుంది. చూసినవాళ్లకు ఆ వణుకు తమదే అనిపించింది. కొద్ది రోజుల్లోనే చట్టం తెస్తామని ప్రధానమంత్రి ప్రకటించారు. మే నెలలో శిక్షలు మూకుమ్మడిగా రద్దయ్యాయి. నాటకం కొత్తగా బయటపెట్టింది తక్కువే. ఎప్పటినుంచో తెలిసిన విషయాన్ని జనం ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టింది.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రికార్డుల్లో అంకెలుంటాయి, తీర్పులుంటాయి. రికార్డు అవసరమే, అది లేకపోతే నిజానికి ఆధారం ఉండదు. కానీ రుక్మిణికి రావలసిన ఇరవై మూడు రూపాయలు ఏ స్టేషన్ రిజిస్టరులోనూ ఎక్కవు. అలాంటి బాకీలను గుర్తుపెట్టుకునేది కథ ఒక్కటే.

పిల్లలూ, ఇది మీకే ఎందుకు చెబుతున్నానంటే, మనది బదిలీల బతుకు. నాలాగే మీలోనూ చాలామందికి మూడు నాలుగు ఊళ్ల టి.సి.లు ఉంటాయి. క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు కరెంటు బిల్లు కడతాం, లైబ్రరీ పుస్తకాలు అప్పగిస్తాం, ‘నో డ్యూస్’ మీద సంతకాలు తెచ్చుకుంటాం. ఆ కాగితంలో లేని బాకీలు కొన్ని ఉంటాయి. వానాకాలంలో ఆటో లోపలికి నీళ్లు కొట్టకుండా పరదా పట్టుకున్న డ్రైవరన్నయ్య, అమ్మకు జ్వరమొస్తే అన్నం పెట్టిన పక్కింటి ఆంటీ, హిందీ రాని మొదటి నెలలో మీ పక్కన కూర్చున్న స్నేహితుడు. ఆ ఊరికి మళ్లీ వెళ్లేసరికి వాళ్లూ బదిలీ అయిపోయి ఉండవచ్చు. బిను భర్తకు జరిగింది అదే.

అందుకే ఈసారి సెలవుల్లో మీకు ఒకే పని. మీరు చూసిన ఊళ్లలో ఒక మనిషిని ఎంచుకుని, వాళ్ల గురించి ఒక పేజీ తెలుగులో రాయండి. వాళ్లు ఏం పని చేసేవాళ్లు, మిమ్మల్ని ఏమని పిలిచేవాళ్లు, మీరు వాళ్లకు ఏం బాకీ ఉన్నారు. స్పెల్లింగు నేను దిద్దుతాను. ఆ మనిషి ఇంకా ఈ ఊళ్లోనే ఉంటే మాత్రం, పేజీ నాకు ఇచ్చే ముందు వెళ్లి ఒకసారి పలకరించి రండి.