ఓడమీద ఆవిరి గది: కొనదగినదేనా?

మా కొల్నార నుంచి సముద్రం చూడాలంటే ముందు రాయగడ వచ్చి రైలెక్కాలి. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖపట్నం చేరేసరికి సుమారు 200 కిలోమీటర్లు అవుతుంది. ఇటువంటి కొండల నడుమ పుట్టి, ఆఫీసులో ఒడియాలో ఫైళ్ళు వ్రాస్తూ, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ నలభయ్యారేళ్ళు గడిపిన గుమాస్తా ఓడ ప్రయాణం గురించి వ్రాయడమేమిటని పాఠకులు నవ్వవచ్చును. నిజానికి నేను వ్రాయబోయేది ఓడ గురించి కూడా కాదు. ఓడలో ఒక గది గురించి, ఆ గదిలో అడుగు పెట్టడానికి వాళ్ళు అడిగిన రుసుము గురించి.

మన వాళ్ళకు ఓడలు కొత్త కాదు. మా ముత్తాత భీమునిపట్నం వైపు నుంచి రంగూను వెళ్ళివచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ రోజుల్లో కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలకొలది తెలుగువాళ్ళు కూలికని బర్మా వెళ్ళారు. అక్కడివాళ్ళు మనవాళ్ళను కోరంగీలనే పిలిచేవారు. కూలీలకు గదులెక్కడివి! డెక్కుమీదే పడక, డెక్కుమీదే వంట. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడిన తరువాత ఆ రాకపోకలు తెగిపోయాయి. ఆ ముత్తాత మునిమనుమడు ఓడలో ఆవిరి స్నానానికి డాలర్లు లెక్కపెడుతూ కూర్చున్నాడంటే కాలమహిమ అనుకోవాలి.

సంగతి ఇది. మా బావమరిది సింగపూరులో ఉద్యోగం చేస్తున్నాడు. 2024 డిసెంబరులో మమ్మల్ని అక్కడికి రమ్మని, తన కుటుంబంతోపాటు మా నలుగురికీ ఓడ టిక్కెట్లు కొన్నాడు. సింగపూరులో ఎక్కి, పెనాంగు, ఫుకెట్ చూచుకుని తిరిగి సింగపూరులోనే దిగడం. నాలుగు రాత్రులు. టిక్కెట్లు కొన్న వారం రోజులకు ఫోను చేశాడు.

"బావగారూ, ఓడలో స్పా పాసు అని ఒకటి ఉంటుంది. అక్క మోకాళ్ళకు బాగుంటుంది. ముందే కొంటే దొరుకుతుంది, తరువాత అయిపోతాయి. మీ ఇద్దరికీ కొనేయనా?"

"టిక్కెట్లు నీవి, పాసు సంగతి నాకు వదిలెయ్యి" అన్నాను. అన్నీ బావమరిది చేత కొనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. ధర చూచిన తరువాత మాత్రం ఆ పౌరుషం కొంత తగ్గింది. మనిషికి 119 డాలర్లు. ఆ నాటి మారకం డాలరుకు 85 రూపాయల లెక్కన 10,115 రూపాయలు. ఇద్దరికీ 20,230. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతున్నది. వచ్చే యేడు కాలేజీ ఫీజుకని దాచిన సొమ్ములోంచి తప్ప అంత రొక్కం నా దగ్గర వేరే లేదు.

నా భార్య మోకాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మాకు పెళ్ళయి 22 ఏళ్ళు. మొదటి పదేళ్ళూ బోరింగు నుంచి నీళ్ళు మోసింది. మా అమ్మ మంచాన పడిన మూడేళ్ళూ ఆవిడను ఎత్తి కూర్చోబెట్టినది కూడా తనే. రాయగడలో ఎముకల డాక్టరు ఎక్సురే చూచి కీళ్ళు అరుగుతున్నాయన్నాడు. బరువు తగ్గాలి, చెప్పిన వ్యాయామం చేయాలి, నొప్పి ఉన్నప్పుడు వేడి కాపడం పెట్టుకోవాలి అన్నాడు. కాపడం పెట్టుకోవడానికి కూర్చునే తీరిక ఎక్కడ అన్నది మాత్రం ఆయన చీటీలో వ్రాయలేదు.

అసలీ స్పా అంటే ఏమిటని కొంత విచారించాను. బెల్జియం దేశంలో స్పా అని ఒక ఊరున్నది. అక్కడి ఊటనీళ్ళలో స్నానం చేస్తే జబ్బులు నయమవుతాయని పూర్వం నుంచి జనం వెళ్ళేవారు. ఆ ఊరి పేరే అటువంటి స్నానశాలలన్నిటికీ పేరయింది. మన ఒడిశాలోనూ అటువంటివి ఉన్నవి. గంజాం జిల్లాలో తప్తపాణి గంధకపు ఊట మన వాళ్ళలో చాలామంది చూచినదే. అక్కడి పర్యాటక నివాసంలో ఆ వేడినీళ్ళను గదిలోని తొట్టికే పట్టిస్తారు.

ఓడలో ఊటలుండవు గనుక అంతా యంత్రాల మీదనే. సముద్రపు నీటిని ఓడలోనే మంచినీళ్ళుగా మార్చుకుంటారు. ఆ పాసు కొన్నవారికి ఒక ఆవిరి గది, సౌనా అనే పొడి వేడి గది, నీళ్ళు జల్లున వీపున కొట్టే వెచ్చని తొట్టి, పడుకోవడానికి వెచ్చబెట్టిన రాతి కుర్చీలు ఉంటాయి. సౌనా ఫిన్లండు వారిది. అందులో వేడి 80 డిగ్రీలు దాటుతుంది. మనిషి ఉడికిపోడా అంటే, గాలి పొడిగా ఉండడంచేత చెమట ఎప్పటికప్పుడు ఆరి ఒంటిని కాపాడుతుంది. ఆవిరి గదిలో అలా కాదు. గాలి నిండా తేమ, చెమట ఆరదు. అందుచేత అక్కడ 45 డిగ్రీలకే ప్రాణం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఒళ్ళు మర్దన చేయించుకోవడం మాత్రం పాసులో కలిసి ఉండదు. దానికి వేరే రుసుము, పైన సేవ చేసినవారికి ఇనాము కూడా బిల్లులోనే వేస్తారు.

గుమాస్తాను గనుక ఆఫీసు నోటు వ్రాసినట్టు కాగితం మీద పెట్టాను. మొదటి రోజు ఓడ ఎక్కడం, గది వెతుక్కోవడం, ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో నేర్పే కసరత్తుతో సాయంత్రమవుతుంది. రెండవ రోజు పెనాంగు. మూడవ రోజు ఫుకెట్. ఊళ్ళు చూడడానికి వెళ్ళి ఆవిరి గదిలో కూర్చునేవాడుండడు. నాలుగవ రోజు పగలంతా సముద్రమే. ఐదవ రోజు ప్రొద్దుటే దిగిపోవాలి. అనగా ఒక పూర్తి రోజు, మూడు సాయంత్రాలు. రోజుకొకసారి వెళ్ళినా నాలుగు సార్లు. 10,115ను నాలుగుతో భాగిస్తే ఒక్కొక్క స్నానం 2,529 రూపాయలు. మా కొల్నార సంతలో ఆ సొమ్ముకు ఒక మనిషికి సంవత్సరానికి సరిపడా ఆముదం కొనవచ్చును.

నోటు ముగించి భార్యకు చూపించాను. "వద్దండీ. ఆ డబ్బు పాప ఫీజుకు ఉంచండి. వేడినీళ్ళు మన పొయ్యిమీద కాగవా?" అన్నది. నాకు కావలసిన మాటే అన్నది కాబట్టి అంతటితో వదిలేశాను.

ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నం ఆ స్నానశాలను ఊరికే చూడనిస్తారని తెలిసింది. చూచిరావడానికి ఖర్చేమిటని ఇద్దరమూ వెళ్ళాము. గాజు గోడ, దాని వెనుక సముద్రం. దానికి ఎదురుగా వరుసగా రాతి కుర్చీలు, పడుకున్న మనిషి వీపు వంపుకు తగినట్టు మలచినవి. నా భార్య ఒక కుర్చీమీద అరచేయి ఆనించింది. వెచ్చగా ఉన్నదేమో, చేయి వెంటనే తీయలేదు. మమ్మల్ని తిప్పుతున్న అమ్మాయి పక్క గదిలోకి నడిచినా తను అక్కడే ఉన్నది. తరువాత చేయి తీసి కొంగుకు తుడుచుకున్నది. అక్కడ తుడుచుకోవడానికి తడి ఏమీ లేదు.

ఆ రాత్రి నాకు నా నోటు మీద అనుమానం పుట్టింది. లెక్క తప్పు కాదు. కాని నేను ఇద్దరికి వేశాను. నాకు ఆవిరి గది అక్కరలేదు. పైగా నాలుగు రోజులకు వేశాను. పనికివచ్చేది ఒక్క రోజే. మర్నాడు వెళ్ళి ఒక్క రోజుకు ఇస్తారా అని అడిగాను. ఖాళీలు మిగిలితే సముద్రపు రోజుకు ఇస్తామని, 49 డాలర్లని చెప్పారు. అంటే 4,165 రూపాయలు. మిగిలింది. కొన్నాను.

కొనేటప్పుడు ఒక కాగితం నింపాలి. గుండెజబ్బు ఉన్నదా, గర్భిణియా, రక్తపోటు ఉన్నదా అని అడుగుతారు. నా భార్యకు రక్తపోటు ఉన్నది, మాత్ర వేసుకుంటున్నది. బయలుదేరే ముందే రాయగడ డాక్టరును అడిగి ఉంచడం మంచిదయింది. పొడి వేడి గది వద్దు, ఆవిరిలో ఐదు నిమిషాలు మించరాదు, వెచ్చని కుర్చీకి అభ్యంతరం లేదు, నీళ్ళు బాగా త్రాగాలి, చటుక్కున లేవరాదు అన్నాడాయన. మరొక చిక్కు బట్టల సంగతి. తొట్టిలోకి ఈతబట్టలతోనే దిగాలి, ఆడా మగా అందరికీ ఒకటే తొట్టి. "అది నా వల్ల కాదు" అన్నది. బావమరిది భార్య తనకున్న నిండు చేతుల, పాదాల దాకా ఉన్న ఈతబట్టలు ఇస్తానన్నా ఒప్పుకోలేదు. వాళ్ళిచ్చే తెల్లని అంగీ తొడుక్కుని కుర్చీల దగ్గర మాత్రం ఉంటానన్నది. సగం పాసే వాడుకుంటున్నామని నాలోని గుమాస్తా గొణిగాడు.

నాలుగవ రోజు ఉదయం తొమ్మిది గంటలకు లోపలికి వెళ్ళింది. నేను పైన డెక్కుమీద కూర్చున్నాను. తొమ్మిదింబావుకు మా అబ్బాయి వచ్చాడు. "అమ్మ ఏది? నా నీలం చొక్కా ఎక్కడ పెట్టింది?" వెతుక్కోమన్నాను. తొమ్మిదిన్నరకు అమ్మాయి వచ్చింది. తలనొప్పి మాత్ర ఏ సంచిలో ఉన్నదట. పదిగంటలకు బావమరిది వచ్చి, "అక్క ఏది బావగారూ, ఫొటో తీసుకుందాం" అన్నాడు. పదింబావుకు నాకే గది తాళం కార్డు కనిపించలేదు. ఆవిడ దగ్గరే ఉంటుందని స్నానశాల తలుపు దాకా వెళ్ళాను.

"పాసు లేనివారు లోపలికి రాకూడదండి" అన్నది అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా.

"నా భార్య లోపల ఉన్నది. ఒక్క మాట అడిగి వస్తాను."

"అత్యవసరమా?"

నేను ఆలోచించాను. అత్యవసరం కాదు. ఆ కార్డు తరువాత నా చొక్కా జేబులోనే దొరికింది. ఆ తలుపు దగ్గర నిలబడినప్పుడు నాకు తట్టినదేమిటంటే, గంటంబావులో మా ఇంటి మనుషులం నలుగురం ఆవిడను పిలిచాము. ఒక్కరమూ ఆవిడ కోసం కాదు, మన కోసమే. కొల్నారలో అయితే నాలుగు సార్లూ లేచి వచ్చి ఉండేది. ఈ 22 ఏళ్ళూ అలాగే లేచి వచ్చింది. ఆ మోకాళ్ళు అరిగినది నీళ్ళ బిందెలతో మాత్రమే కాదు కాబోలు.

పదకొండున్నరకు బయటికి వచ్చింది. ముఖం తేటగా ఉన్నది.

"నిద్రపోయానండీ. పగలు నిద్రపోయి ఎన్నేళ్ళయిందో. ఎవరైనా పిలిచారా?"

"ఎవరూ పిలవలేదు" అన్నాను. భోజనమయ్యాక మళ్ళీ వెళ్ళి మరో రెండు గంటలు ఉన్నది.

నొప్పి తగ్గిందా అని మీరు అడగవచ్చును. ఉన్నమాట చెబుతాను. ఆ రాత్రి మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కింది. మర్నాడు సామాన్లతో దిగి నడిచేసరికి నొప్పి తిరిగి వచ్చింది. వెచ్చదనం నొప్పిని కొంతసేపు మరిపిస్తుంది గాని అరిగిన కీలును తిరిగి పొయ్యదు. వైద్యమనుకుని ఎవరూ ఈ పాసు కొనరాదు. విశ్రాంతి అనుకుంటే వేరే లెక్క.

ఇప్పుడు ఓడ ప్రయాణాలు మనకు మరీ దూరం కావు. 2022 జూన్‌లో విశాఖ నుంచి చెన్నై వైపు ఒక విహార నౌక నడిచింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో విహార నౌకలకని ప్రత్యేక టెర్మినల్ కూడా ప్రారంభమయింది. మన కుటుంబాలలో ఎవరైనా వెళ్ళేవారుంటే నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. ముందుగా సముద్రపు రోజులెన్నో లెక్కపెట్టండి. రెండు మూడు ఉండి, రోజుకు రెండుసార్లు వెళ్ళగలిగితే మొత్తం పాసు గిట్టుబాటే. రోజుకొక ఊరు చూపించే ఓడలో అది దండుగ. ఎక్కిన రోజునే వెళ్ళి కళ్ళారా చూడండి, ఒక్కరోజు పాసు ఉన్నదా అని అడగండి. పాసులు కొన్నే అమ్ముతారు గనుక ఆలస్యం చేస్తే దొరకకపోవచ్చు, అదొక్కటి గుర్తుంచుకోండి. ఇద్దరికీ కొనాలన్న నియమం లేదు. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగనిదే ఆ వేడి గదుల జోలికి పోరాదు. చిన్నపిల్లలను లోపలికి రానివ్వరు. కొందరు తల్లులకు అదొక్కటే చాలు, ధర గిట్టినట్టే.

కొల్నారకు తిరిగి వచ్చిన తరువాత 2025 భోగినాడు పెరట్లో పెద్ద కాగు పెట్టి నీళ్ళు కాచాము. నువ్వులనూనె, నలుగుపిండి సిద్ధం చేసినది మా అమ్మాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆదివారం రెండు గంటలు వంటిల్లు నాది, పిల్లలది. ఆవిడ గది తలుపు గడియ వేసుకుంటుంది. లోపల మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటుందో, నిద్రపోతుందో మేము అడగము. ఎవరైనా తలుపు వైపు నడిస్తే మా అబ్బాయి "పాసు ఉందా?" అంటాడు.

మొన్న ఆదివారం సాంబారు పొయ్యిమీద ఉండగా ఇంగువ డబ్బా కనిపించక తలుపు దగ్గర నిలబడి ఒకసారి పిలిచాను. లోపలి నుంచి జవాబు రాలేదు. ఆ పూట ఇంగువ లేని సాంబారే తిన్నాము.