గోడ మీద కాసిన గుమ్మడికాయ

ఏమండోయ్ వదినగారూ, ఓసారి ఇలా గోడ దగ్గరికి రండి. చేతిలో పనుంటే కాసేపు ఆగుతుంది గానీ అట్టు చల్లారిపోతే మళ్ళీ ఆ రుచి రాదు. అందుకోండి పళ్ళెం. గుమ్మడికాయ అట్లు ఇవి. ముందు ఒక ముక్క నోట్లో వేసుకోండి, తర్వాత మాట్లాడుకుందాం.

నిన్న అట్లతద్దికి మా చిన్నది ఉద్యాపన చేసుకుంది కదా, మీరూ వచ్చి వాయనం పుచ్చుకున్నారు. పదకొండు మంది ముత్తైదువులకి తలా పదకొండు అట్లు, గౌరమ్మకి నైవేద్యం మరో పదకొండు. మొత్తం 132 అట్లు. అంత పిండి రుబ్బిన ఇంట్లో కాస్తయినా మిగలకుండా ఉంటుందాండీ? గ్లాసు మినపపప్పుకి రెండు గ్లాసుల బియ్యం చొప్పున పోసి రుబ్బేను. తెల్లారి లేచి చూస్తే, మిగిలిన మూడు గ్లాసుల పిండీ పొంగి గిన్నె మూతని పైకెత్తేసింది. మళ్ళీ చప్పటి అట్లే పోస్తే ఎవరు ముట్టుకుంటారు? చంద్రుణ్ణి చూసేక అందరూ తిన్నవి అవే కదా.

మా అత్తగారు ఉన్న రోజుల్లో అట్లతద్ది మర్నాడు పొద్దున్న టిఫిను ఇదే. చుక్క ఉండగా నాలుగు ముద్దలు తిని, ఊయలలూగి, పగలంతా పచ్చి మంచినీళ్ళు ముట్టని పిల్లలు మర్నాడు లేచేసరికి కడుపులో తియ్యటిది, వేడిది పడాలనేవారావిడ. అందుకే ఆ పిండిలో గుమ్మడికాయ, బెల్లం, శొంఠి కలిపేవారు.

కాయ ఎక్కడిదంటారా? మీకు తెలియనిదేముంది! జ్యేష్ఠంలో తొలి వానలకి మా బావి గట్టున గింజ పెట్టేను. పాదు మా దొడ్లో నాలుగు బారలు కూడా పాకలేదు, గోడెక్కి మీ వైపు దిగింది. పువ్వులన్నీ మావైపు, పిందె మీవైపు. రెండు నెలలుగా మీరు దాని కింద ఎండుగడ్డి సర్ది, కోతులు రాకుండా కాపలా కాసేరు. మొన్న మీరే కదండీ పిలిచి చూపించేరు, తొడిమ ఎండి కర్రలా అయింది, తొక్క మీద గోరు గుచ్చితే దిగడం లేదని. ముదిరిన కాయకి అదే గుర్తు.

పొద్దున్న మీ అన్నయ్యగారి చేత మొదటి కత్తి పెట్టించేను. గుమ్మడికాయ పగలగొట్టడం ఆడవాళ్ళు మొదలుపెట్టకూడదని మా అత్తగారి పట్టింపు. ఆవిడ పోయినా ఆ మాట తీసెయ్యలేకపోతున్నాను. రెండు చెక్కలయ్యేసరికి లోపల కండ పసుపు ముద్దలా మెరిసిపోయింది.

చెయ్యడం పెద్ద విద్యేమీ కాదు గానీ రెండు చోట్ల జాగ్రత్త పడాలి. గుమ్మడి ముక్కల్ని నీళ్ళలో ఉడకబెట్టకూడదు, ఆవిరి మీదే ఉడికించాలి. కాపురానికి వచ్చిన కొత్తలో నీళ్ళు పోసి ఉడికించి, వేడి వేడి బెల్లం పాకం పిండిలో గుమ్మరించేను. పిండి జారైపోయింది, ఒక్క అట్టూ పెనం వదల్లేదు. ఇప్పుడు ఉడికిన ముక్కల్ని పప్పుగుత్తితో మెదిపి, ఆ వేడిలోనే బెల్లం కోరు కలిపేస్తాను. గ్లాసు గుజ్జుకి ముప్పావు గ్లాసు బెల్లం సరిపోతుంది. పూర్తిగా చల్లారేకే పిండిలో కలపాలి.

ఇంక ఘాటు. శొంఠి కొమ్ము చిన్నది, నాలుగు యాలకులు, రెండు లవంగాలు, ఆరు మిరియపు గింజలు రోట్లో మెత్తగా దంచాలి. జాజికాయ మాత్రం దంచను, సాన మీద రెండు చుట్లు అరగదీసి ఆ గంధం కలుపుతాను. చిటికెడు ఉప్పు, గుప్పెడు ముదురు కొబ్బరి కోరు. అంబాజీపేట మార్కెట్టులో కాయ ధర ఎంత పలికినా మన కోనసీమ వంటింట్లో కోరుకి లోటు రానివ్వం కదా.

రెండో జాగ్రత్త పెనం దగ్గర. నూనెలో ముంచిన వంకాయ తొడిమతో ఇనప పెనం అంతా రుద్ది, మంట తగ్గించి, పిండి మందంగా పొయ్యాలి. బెల్లం ఉంది కాబట్టి మంట పెరిగితే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగా ఉండిపోతుంది. మూత పెట్టి, పైన తడి ఆరి చిల్లులు కనిపించేక అంచు చుట్టూ నెయ్యి వేసి తిరగెయ్యాలి. అప్పుడు చూడాలి, అంచు తేనె రంగులో చిటచిటలాడుతుంటే జాజికాయ, నెయ్యి వాసన వీధి గుమ్మం దాకా పోతుంది.

మా పెద్దది అమెరికా నుంచి ఫోన్లో చూసి ఎంత సంబరపడిందో! అక్కడ అక్టోబరులో ఆకులు ఎర్రబారే వేళకి గుమ్మాల ముందు గుమ్మడికాయలు పెడతారట. మైదాలో గుమ్మడి గుజ్జు, దాల్చినచెక్క, శొంఠి పొడి, జాజికాయ, లవంగం కలిపి పాన్‌కేకులని పోసుకుంటారట. “అమ్మా, ఇవి మన నాన్నమ్మ అట్లే” అంది. అసలు గుమ్మడి పుట్టిల్లు ఆ అమెరికా ఖండమేనటండీ. మెక్సికో గుహల్లో దొరికిన గుమ్మడి జాతి గింజలు దాదాపు 10,000 ఏళ్ళ నాటివట. కొలంబస్ వెళ్ళివచ్చిన తర్వాతే ఆ కాయ ఓడలెక్కి మన ఒడ్డుకి చేరింది. జాజికాయ, లవంగం ఇండోనేషియా దీవుల సరుకు. ఎక్కడెక్కడివో వచ్చి మన పెనం మీద కలిసేయి. అంత దూరం నుంచి వచ్చినా గుమ్మడి పువ్వు లేనిదే సంక్రాంతికి గొబ్బెమ్మ నిండుగా ఉండదు మనకి. కాపురానికొచ్చిన కోడలు ఇంటి పేరు నిలబెట్టినట్టు కాదూ!

నాకు ఈ కాయలో నచ్చేది ఒకటుందండీ. వంకాయలు, బెండకాయలు ఒక్క ఇంటికి వండుకోవచ్చు. గుమ్మడికాయని ఒక్క ఇల్లు తినలేదు. కోసేమంటే పంచవలసిందే. అట్లతద్దీ అంతే, మన అట్లు మనమే తింటే నోము ఎలా అవుతుంది? మా పెద్దదానికీ అదే చెప్పేను, పక్కింటివాళ్ళు ఏ దేశం వాళ్ళైనా సరే, నాలుగు అట్లు పళ్ళెంలో పెట్టి తలుపు తట్టమని.

ఇదిగో, సగం చెక్క కూడా మీదే, పులుసు పెట్టుకోండి. ఈ పొట్లంలో గింజలున్నాయి. కడిగి బూడిదలో కలిపి నీడన ఆరబెట్టేక దాచండి. వచ్చే జ్యేష్ఠానికి పాదు మీ వైపు పెట్టండి వదినగారూ, కాయ మా వైపు కాయనివ్వండి. ఎండుగడ్డి నేను సర్దుతాను.