పట్టు కోసం పోసిన నూనె

డాలస్‌లో మా గరాజ్‌లో 1998 షెవర్లే టాహో కింద నుంచి 4ఎల్60-ఈ ట్రాన్స్‌మిషన్ దింపినప్పుడు నా భయాలన్నీ ఇనుప సామాను గురించే. మూడో, నాలుగో గేర్లకు పట్టే క్లచ్ ప్లేట్లు మాడి నల్లబడ్డాయి. ఆ ట్రాన్స్‌మిషన్‌లో తరచూ పోయేవి అవే. కొత్తవి వేసి, సందు ఫీలర్ గేజ్‌తో చూసుకున్నాను. వాల్వ్ బాడీ గోలీలు జారిపోకుండా వ్యాజిలీన్‌తో నిలబెట్టాను. మామూలు గ్రీజు నూనెలో సరిగా కరగక దారులు మూసేస్తుంది. గాలి కొట్టి ఒక్కో క్లచ్ పట్టే చప్పుడు విన్నాను. కూలర్ కడిగి, వేరే టార్క్ కన్వర్టర్ తెచ్చి పెట్టాను.

నూనె దగ్గర మాత్రం అంత ఆలోచించలేదు. పాత రేసు బళ్లు చేసిన ఒకాయన “టైప్ ఎఫ్ పొయ్యి, క్లచ్ గట్టిగా పడుతుంది” అన్నాడు. ఒకసారి మాడిన క్లచ్ కదా, గట్టిగా పట్టడమే కావాలనిపించింది. కొత్త ప్లేట్లను కూడా అందులోనే నానబెట్టాను.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఫోర్డ్ తన పాత ట్రాన్స్‌మిషన్ల కోసం చేయించిన టైప్ ఎఫ్‌లో రాపిడిని మెత్తబరిచే మందు కలపరు. ప్లేట్ల జారుడు ఆగే క్షణంలో అది ఒక్కసారిగా పట్టేస్తుంది. నా టాహోను చేసిన జనరల్ మోటార్స్ (జీఎం) వారి డెక్స్‌రాన్‌లో ఆ మందు ఉంటుంది, చివరి పట్టు మెత్తగా దిగుతుంది. 1970ల మొదటి వరకూ ఆ మందు స్పెర్మ్ తిమింగలం నూనె! ఆ వేట నూనె ఆగిపోయాక కెమిస్టులు బదులు వెతకడానికి చాలా అవస్థ పడ్డారు. ఆ పదార్థం ఎంత కీలకమో నాకు అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది.

నా టాహోలో కన్వర్టర్ లాకప్ క్లచ్‌ను కంప్యూటర్ కొద్దికొద్దిగా జారనిస్తూ నొక్కుతుంది. జారుతూ ఉండాల్సిన చోట టైప్ ఎఫ్ పట్టి వదిలి, పట్టి వదిలి చేసింది. గేర్లు దెబ్బ కొట్టినట్టు పడుతుంటే నేను సంతోషించాను కూడా. హైవే ఎక్కాక మా ఆవిడే “ఏవండీ, బండి వణుకుతోంది” అంది. రోడ్డు అంచున ఉండే గరుకు గీతల మీద పోతున్నట్టు ఒళ్లంతా అదురు. ఇంజన్‌లో ప్లగ్గులు మార్చాను, ఇంకేవో మార్చాను. నూనెను మాత్రం అనుమానించలేదు.

తీరా అనుమానించాక పాన్ విప్పితే దిగింది సగం లోపే. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో, నానిన ప్లేట్లలోనే ఉంది. కూలర్ గొట్టం గుండా తోడి, డెక్స్‌రాన్ సిక్స్ నింపాను. 2005లో వచ్చిన ఆ నూనెనే పాత డెక్స్‌రాన్ అడిగే బళ్లకూ వాడమంది జీఎం. గేర్లు మెత్తబడ్డాయి గానీ వణుకు పూర్తిగా పోలేదు. ట్రాన్స్‌మిషన్ మళ్లీ దింపాల్సొచ్చింది. కన్వర్టర్ షాపువాళ్లు కోసి చూపిస్తే లాకప్ లైనింగ్ అద్దంలా నునుపెక్కి ఉంది. అది నా నూనె చేసిన పనే. ఇంకో కన్వర్టర్ వేశాక గానీ వణుకు ఆగలేదు.

ఇప్పుడు ప్లేటు ముట్టుకునే ముందే నూనె ఏదో తేల్చుకుంటాను. చిక్కదనం, ధర, రంగు చూసి కాదు; లోపలి క్లచ్‌లను ఎలాంటి రాపిడికి లెక్కకట్టి చేశారో చూసి. మొన్న హైదరాబాద్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. ఆటోమేటిక్ ఇన్నోవా క్రిస్టాకు “అన్ని బళ్లకూ పనికొచ్చే నూనె” పోస్తానంటున్నాడట అక్కడి మెకానిక్. బండితో వచ్చిన పుస్తకంలో ఆ పేజీ ఫోటో తీసి పంపమన్నాను. టయోటా డబ్ల్యూఎస్ అని ఉంది. అదే పోయించుకోమన్నాను.