పది సంతకాల కోసం

2024 ఏప్రిల్ 18న నోటిఫికేషన్ వచ్చింది. నామినేషన్లకు 25 దాకా గడువు. వినుకొండ అసెంబ్లీ స్థానానికి ఇండిపెండెంటుగా నిలబడతానన్న మిత్రుడి బండెక్కి బొల్లాపల్లి మండలానికి బయల్దేరాను. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. ఇండిపెండెంటుకు ఆ నియోజకవర్గపు ఓటర్లు పదిమంది కావాలి. మావాడు లంబాడీ, ఎస్టీ కాబట్టి డిపాజిట్టు 10,000 కాదు, 5,000. అది కూడబెట్టుకున్నాడు. ఎన్నికల ఖర్చుకు పరిమితి 40 లక్షలట. అతని లెక్కల పుస్తకంలో మొదటి పద్దు పెట్రోలు.

నల్లమల అంచు పల్లెలు. కల్లాల్లో మిర్చి ఘాటు. తండాలో ట్యాంకరు చుట్టూ బిందెలు. వరికపూడిశెల ఎత్తిపోతలకు అంతకుముందు నవంబరులోనే మాచర్లలో శంకుస్థాపన చేశారు. తొలి దశ నీళ్లు వెల్దుర్తి మండలానికి. బొల్లాపల్లి వంతు ఆ తరవాత. ఇంకెన్నాళ్లు ఆగాలో అసెంబ్లీలో అడగాలన్నదే మావాడి పట్టుదల.

మొదటి ఇంట్లో మజ్జిగ ఇచ్చారు, మంచం వేశారు. కాగితం తీయగానే ఇంటాయన గొంతు తగ్గించాడు. "ఓటు నీకే ఏత్తానబ్బాయ్, సంతకం మాత్రం అడగమాక." తరవాతి ఇంట్లోనూ అదే మాట. వాళ్లను పిరికివాళ్లని నేననను. ఓటు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు. ప్రతిపాదించినవాళ్ల పేర్లు మాత్రం నామినేషన్ల నోటీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. వర్గాల పేరున ఊళ్లు చీలిన పల్నాడులో ఆ కాగితం మీద పేరుండడమంటే ఎంత బరువో ఇక్కడివాళ్లకే తెలుసు. పోటీ చేసేవాడి ధైర్యాన్ని అందరూ పొగుడుతారు. అతని వెనక పేరు రాయించుకున్న కూలీ ధైర్యం అంతకన్నా పెద్దదని నా నమ్మకం.

పొద్దువాలేసరికి తొమ్మిది సంతకాలయ్యాయి. చివరి గుడిసె ముందు ఓ అవ్వ చేయి చాచింది. "నాకు రాయటం రాదు నాయనా, ఏలిముద్ర ఏత్తా."

చిక్కు అక్కడే. వేలిముద్ర ఇంటి దగ్గర వేస్తే చెల్లదు. రిటర్నింగ్ అధికారి ఎదుటో, అందుకు అధికారమున్న మరో అధికారి ఎదుటో వేయాలి. ఆ మాట చెప్పి, అంతదూరం రాగలదా అని మావాడు సందేహిస్తూ అడిగాడు.

"బిందె మోసుకుని రోజూ నడవట్లా? ఎప్పుడు రమ్మంటావో చెప్పు."

మర్నాడు తొలి బస్సుకే వినుకొండలో దిగింది. కార్యాలయంలోకి అభ్యర్థితో పాటు నలుగురినే రానిస్తారు. ఆ నలుగురిలో మొదట ఆమెనే నడిపించాడు.