ఆకసమునుండి వచ్చిన హెచ్చరిక

సింహాచలము వరాహ నరసింహస్వామికి నెలవై ప్రసిద్ధి కెక్కిన కొండ. అచటి పనస, అనాస తోటలును సంపెంగ చెట్లును పెక్కు కుటుంబములకు జీవనాధారములు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ అను పెనుతుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఆ కొండల పచ్చదనము ఒక్కపూటలో మాసిపోయెను. మహావృక్షములు వేళ్లతో పెల్లగిలెను. నగరమున విమానాశ్రయపు పైకప్పు ఛిద్రమయ్యెను. దినములకొలది దీపము వెలుగలేదు.

అయినను ఆంధ్రదేశమున ఆనాటి ప్రాణనష్టము పదులలోనే నిలిచినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు 10,000 మందిని పొట్టన బెట్టుకొనెను. నాటి ఉప్పెన యెత్తు మిక్కిలి హెచ్చు. భేదమునకు అది యొక కారణము. కాని మరియొక కారణమును కలదు. నడిసముద్రమున పుట్టిన తుపానును రేయింబవళ్లు కనిపెట్టి చూచుటకు 1977లో భారతదేశమునకు స్వంత ఉపగ్రహము లేకుండెను.

ఆ కొరతను తీర్చినది భారత అంతరిక్ష పరిశోధన సంస్థ. అది 1969 ఆగస్టు 15వ తేదీన ఏర్పడినది. అన్నమునకే వెదకికొను దేశమునకు రాకెట్లెందులకని పలువురు ప్రశ్నించిన కాలమది. విద్యకును, వాతావరణ జ్ఞానమునకును, వార్తల చేరవేతకును ఆకాశమును వాడుకొనవలెనని విక్రమ్ సారాభాయి సంకల్పించెను. 1971 అక్టోబరు 9న నెల్లూరు సీమలోని శ్రీహరికోటనుండి తొలి రాకెట్టు ఎగసెను.

హుద్‌హుద్‌ను కనిపెట్టినవానిలో 2013 జులై 26న ప్రయోగింపబడిన ఇన్సాట్-3డి ఒకటి. అది సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున భూమితోపాటు తిరుగుచు, మనకు ఒకే చోట నిలిచినట్లుండెను. అరగంట కొకమారు మేఘముల చిత్రమును తీసి పంపెను. చీకటిలోను వాని ఉష్ణమును గుర్తించెను. మేఘమెంత చల్లనిదో అంత యెత్తైనదని శాస్త్రజ్ఞులు గ్రహింతురు.

అయితే ఉపగ్రహము చూచునే గాని చెప్పనేరదు. ఆ చిత్రములను చదివి, తుపాను దారిని ముందుగా తెలిపినవారు వాతావరణ శాఖవారు. పల్లెపల్లెకు ఆ మాట చేర్చినవారు ఉద్యోగులు. వలలు చుట్టి, పడవలను గట్టున లాగి, పిల్లలతో కదలినవారు బెస్తలు. ఈ గొలుసులో ఏ కొక్కెము ఊడినను తక్కినవి నిష్ఫలములు. చెట్లకు కాళ్లు లేవు. అందుచే అవి కూలినవి. మనుష్యులు మాట విని కదలిరి, అందుచే బ్రదికిరి.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగినపుడు దేశమంతయు ఉప్పొంగెను, అది ఉచితమే. తుపాను వెడలిన మరునాడు తన గుడిసె చోటికి మరలివచ్చిన బెస్తవానికి ఎవ్వరును జయజయధ్వానములు చేయరు. ఆ మరలివచ్చుట కూడ ఆ సంస్థ సాధించిన విజయమే.