రికార్డు పళ్లెం తిరిగే తీరు

పాటల పెట్టెను చూసినవారి దృష్టి ముందుగా ముల్లు మీదనో, బాకా మీదనో నిలుస్తుంది. పళ్లెం ఎట్లా తిరుగుతున్నదని అడిగేవారు అరుదు. కాని గాయకుని గొంతు ఉన్నదున్నట్లు వినబడడం చాలవరకు ఆ తిరుగుడు మీదనే ఆధారపడి ఉన్నది. వేగం నూటికి ఆరు పాళ్లు పెరిగినచో శ్రుతి అర్ధస్వరం మేర హెచ్చుతుంది. మా పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు ఎటు జరిగినా గర్భగుడిలోని నీడ కదలదు. పళ్లెం నుండి మేము కోరేదీ అటువంటి నిలకడయే.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన నాటి నుండి కొన్ని దశాబ్దాల పాటు మన దేశంలో రికార్డును తిప్పినది ప్రధానంగా ఉక్కు స్ప్రింగు. చావి ఇచ్చి వదిలితే స్ప్రింగు విచ్చుకొంటూ పళ్లెమును త్రిప్పేది. వేగం మితిమీరకుండా చిన్న ఇనుప గుండ్లు వెడల్పై, ఒక బిళ్లను లాగి మెత్తటి గుడ్డకు ఒరిపించి అదుపు చేసేవి. కరెంటు లేని ఇంటికి ఇంతకన్న మేలైన యుక్తి మరొకటి లేదు. నిమిషానికి 78 చుట్లు, ఒక వైపు సుమారు మూడు నిమిషాల పాట. ఆపై ముల్లు మార్చి మళ్లీ చావి. ఆ చావి తిప్పే హక్కు కోసం ఇంటి పిల్లలు పోట్లాడుకొనుట మేమెరుగుదుము.

కరెంటు మోటారు వచ్చిన పిదప దాని వేగమును పళ్లెమునకు అందించుట ఎట్లా అన్నది సమస్య అయినది. మోటారు ఇరుసుకూ పళ్లెం లోపలి అంచుకూ నడుమ రబ్బరు చక్రం నిలుపుట ఒక మార్గం. ఇంగ్లండులో తయారైన గెరార్డ్ 301 (1954), 401 (1965) ఈ తెగలో పేరెన్నిక గన్నవి. వీటికి బలం ఎక్కువ. మీట నొక్కగానే పళ్లెం ఊపందుకొంటుంది. లోపమూ అక్కడే ఉన్నది. మోటారు అదురు రబ్బరు గుండా ముల్లుకు చేరి, పాట వెనుక సన్నని గురగురగా వినబడుతుంది. వాడకుండా చాలాకాలం అంచుకు ఆనించి ఉంచితే చక్రంలో సొట్ట పడుతుంది. మా ఎండలకు రబ్బరు గట్టిపడుట మరియొక బెడద.

ఆ అదురును తప్పించుటకు కొందరు పట్టీని ఆశ్రయించారు. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ రూపొందించి 1961లో వెలువరించిన ఏఆర్ యంత్రంలో మెత్తటి పట్టీ పళ్లెమును లాగుతుంది. పళ్లెమూ ముల్లు చేయీ కలిసి స్ప్రింగుల మీద వ్రేలాడుతుంటాయి. శబ్దంలో శుభ్రత ఈ తెగదే. అయితే ఇటువంటి మోటారు కరెంటు ఆవృత్తిని అనుసరించి నడుస్తుంది. అమెరికాలో అది 60, మనకు 50. బంధువొకరు అక్కడి యంత్రమును తెచ్చి, కప్పీ మార్చక నడిపినప్పుడు 33⅓ చుట్లకు బదులు 28కి లోపే తిరిగినది. గజల్ కాస్తా మర్సియా అయి కూర్చున్నది!

మూడవది నేరుగా త్రిప్పే పద్ధతి. మోటారు ఇరుసే పళ్లెమునకు ఇరుసు. చక్రమూ లేదు, పట్టీయూ లేదు. జపానులో 1970లో టెక్నిక్స్ ఎస్‌పి-10, 1972లో ఎస్‌ఎల్-1200 వచ్చాయి. 1979 నాటి రెండవ మార్కులో క్వార్ట్జ్ స్ఫటికం వేగమును కాపాడుతుంది. బోరు మోటార్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోయే మా ఊళ్లకు ఇదే సరియైనదని మొదట తోస్తుంది. కాని ఆ రెండవ మార్కులో 33⅓, 45 చుట్లు మాత్రమే ఉన్నవి, 78 లేదు. 2010లో ఆగి 2016లో మళ్లీ వచ్చిన నమూనాకు 78 ఉన్నది గాని, దాని వెల మా వంటి కళాశాలకు అందరానిది.

78 లేకుంటే మాకు ప్రయోజనమేమి? పానగల్, నల్లగొండ పాత ఇండ్ల అటకల మీద మిగిలినవి ఎక్కువగా లక్కతో చేసిన ఆ పాత రికార్డులే. ఖవ్వాలీలు, నాతులు, హరికథలు, నాటక పద్యాలు అన్నీ ఒకే ట్రంకు పెట్టెలో ఒకదానినొకటి ఒరుసుకొంటూ ఉన్నవి. జారిపడితే పగులుతాయి, పగలనివి పాత సామానుల బండికి పోతున్నవి. శిలలకు, శాసనాలకు మా ఊళ్లో మ్యూజియం ఉన్నది. గొంతులకు లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. 78 గల, రబ్బరు చక్రపు యంత్రమొకటి తెప్పించండి. దాని గురగుర మూడు నిమిషాల పాత రికార్డు చిటపటల ముందు లెక్కలోనిది కాదు. చెడితే పట్టణంలోని మెకానిక్కు చేతికి లొంగుతుంది. 78 గాడి వెడల్పైనది గనుక, అంగుళంలో సుమారు మూడు వేయవ వంతుల మొన గల ముల్లు వేరుగా కొనవలెను. లాంగ్‌ప్లే ముల్లు గాడి అడుగున దొర్లి మట్టిని మాత్రమే వినిపిస్తుంది. వేగమును పరీక్షించుటకు గీతల బిళ్ల చాలు: 78కి 77 గీతలు, 33⅓కి 180. గీతలు కదలక నిలిస్తే వేగం సరి. చాల ఎల్ఇడి దీపాల కింద అవి స్పష్టంగా కనబడవు గనుక పాత ట్యూబులైటొకటి దాచి ఉంచవలెను.

యంత్రం వచ్చులోగా ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు జంటలుగా ఇండ్లకు వెళ్లి ఉన్న రికార్డుల పట్టిక వ్రాయగలరు. పగుళ్లు పట్టినవాటిని ముందుగా వినిపించి, ధ్వనిని నకలు తీయించవలెను.